కణముల కాపురము

రోబోట్ అను మాట వినినంతనే మన మనసులో ఇనుప మనుష్యుడొకడు మెదలును. పెట్టెవంటి తల, కన్నులకు మాఱుగా ఎఱ్ఱని దీపములు, నడచునప్పుడు కిఱ్ఱుమను మోకాళ్ళు; సినిమాలవారు మనకు నేర్పిన రూపమిది. కాని యీ మాట పుట్టిననాడు అందులో ఇనుము లేదు. 1920లో కారెల్ చాపెక్ అను చెక్ రచయిత యొక నాటకము వ్రాసెను. అందలి రోబోటులు మాంసమును బోలిన ముద్దతో, మనము పిండి కలిపినట్లు తొట్లలో కలిపి చేయబడినవి. వానికి ఆ పేరు సూచించినవాడు రచయిత సోదరుడగు జోసెఫ్. చెక్ భాషలో 'రొబోత' యనగా వెట్టిచాకిరి. వెట్టి యననేమో తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇంటిచాకిరిలో బ్రతుకు గడపిన స్త్రీలకు అసలే చెప్పనక్కఱలేదు.

నూఱేండ్లు గడచినవి. 2020 జనవరిలో అమెరికాలోని టఫ్ట్స్, వెర్మాంట్ విశ్వవిద్యాలయములకు చెందిన శామ్ క్రీగ్మన్, డగ్లస్ బ్లాకిస్టన్, మైకేల్ లెవిన్, జాషువా బోంగార్డ్ అను నలుగురు శాస్త్రజ్ఞులు, ఇనుప తునక యొక్కటియు లేని రోబోటును చేసితిమని ప్రకటించిరి. అది కప్పపిండమునుండి తీసిన జీవకణముల ముద్ద. పొడవు ఒక మిల్లీమీటరు నిండదు. ఆవగింజ దానికంటె పెద్దది. తనంతట తాను నీటి యడుగున కదలును. సగము వఱకు కోసినను గాయము మాన్చుకొని మరల కదలును. పిండమునుండి తెచ్చుకొన్న సొనయే దాని చద్దిమూట; అది తీఱువఱకు, అనగా వారమో పది దినములో బ్రతికి, పిమ్మట మన యొంటినుండి రాలు పొట్టువలె చెదరిపోవును. దీనికి 'జెనోబోట్' అని నామకరణము చేసిరి.

ఈ వార్త విని మా పొరుగింటి యిల్లాలు, 'ఇంక కప్పలచేత గూడ పని చేయింతురా?' అని నవ్వెను. నవ్వదగినదే. కాని మేమీ సంగతిని వదలలేకపోయితిమి. అందుకు కారణము మా యింటనే కలదు; సమయము వచ్చినప్పుడు విన్నవించెదము. ముందుగా ఆ కప్పను గూర్చి నాలుగు మాటలు.

అది మన చెఱువులలో బెకబెకలాడు కప్ప కాదు. ఆఫ్రికాఖండపు మడుగులలోనిది. దానికి నాలుక లేదు. వెనుకకాళ్ళ వ్రేళ్ళకు నల్లని గోళ్ళుండును. శాస్త్రజ్ఞులు 'జెనోపస్ లేవిస్' అందురు. రోబోటు పేరునకు మొదలు అదియే. ఈ కప్ప ప్రపంచమందలి ప్రయోగశాలలకు ప్రాకుటకు స్త్రీలే కారణమనిన మా పాఠకురాండ్రకు వింతగా దోచును. 1930 ప్రాంతమున కేప్ టౌను నగరములో లాన్సెలాట్ హాగ్బెన్ అను ఆంగ్లేయుడు, పీయూషగ్రంథి సారము నెక్కించినచో ఈ యాడుకప్ప గ్రుడ్లు పెట్టునని కనిపెట్టెను. పిమ్మట అచ్చటివారు గర్భవతి మూత్రమును దాని చర్మము క్రింద ఎక్కించి చూచిరి. ఒక పగలును ఒక రాత్రియు గడచులోపల కప్ప గ్రుడ్లు పెట్టినచో ఆ స్త్రీ గర్భవతి యని తేలును. అంతకు మునుపు ఈ పరీక్షకై చుంచులను, కుందేళ్ళను చంపి కోసి చూడవలసియుండెను. కప్పకు ప్రాణహాని లేదు. కొంత విశ్రాంతి నిచ్చి మరల దానినే వాడుకొనవచ్చును. 1960ల వఱకు అనేక దేశముల ఆస్పత్రులలో ఈ మూగప్రాణి స్త్రీలకు శుభవార్త చెప్పుచుండెను. ఆ వార్త కోరనివారికి చేదువార్తయు చెప్పుచుండెను. రసాయన పరీక్షలు వచ్చి ఆ కొలువు పోయినది గాని, ప్రయోగశాలలలో కాపురము మాత్రము నిలిచినది.

కప్పగ్రుడ్డు మిల్లీమీటరుకు కొంచెము మించిన గోళము. పైసగము నలుపు, క్రిందిసగము తెలుపు. అది రెండై, నాలుగై, ఎనిమిదియై, కొన్ని గంటలలో వేలకొలది కణములగును. అప్పుడు పైకప్పున నున్న కణములను వాని దారిని విడిచిపెట్టినచో తోకకప్పకు చర్మమగును. బ్లాకిస్టన్ ఆ కణములను తీసి, విడదీసి, మరల గుమిగూడనిచ్చి, సూక్ష్మదర్శిని క్రింద అతి సన్నని పట్టకారుతోను, వేడిచేసిన సూదిమొనతోను ఆ ముద్దను చెక్కెను. ఏ యాకారమున చెక్కవలెనో కంప్యూటరు చెప్పినది. చర్మకణములు కదలవు, గుండెకండరపు కణములు ముడుచుకొనుచు విచ్చుకొనుచు నుండును. ఏ కణమును ఎచ్చట నుంచినచో ముద్ద ముందుకు సాగును? ఈ లెక్కకై వెర్మాంటులోని గొప్ప కంప్యూటరు వేలకొలది ఆకృతులను కల్పించి, పనికిరానివానిని త్రోసివేసి, మిగిలినవానిని మరల మరల మార్చి చూచినది. బొమ్మను చూచి చేయి చెక్కినది. చేయియే గొప్పదని మా యభిప్రాయము. ఇసుకరేణువంత ముద్దను తప్పు పోకుండ చెక్కుట ఎంత నేర్పో, సూదిలో దారమెక్కించి కన్నులు మండించుకొన్నవారికి తెలియును.

అసలు వింత 2021 మార్చిలో బయటపడినది. ఈ మాఱు గుండెకణములు చేర్చలేదు, ముద్దను చెక్కలేదు. పైకప్పు కణములను తీసి ఊరక ఉప్పునీటిలో నుంచిరి. అవి ఉండగట్టినవి. కొన్ని దినములకు ఉండపై నూగువంటి రోమములు మొలచినవి. ఆ రోమములాడించుచు అవి ఈదసాగినవి. తోకకప్ప యొంటిపై గూడ నీ రోమములుండును. అచ్చట వాని పని చర్మముపైనున్న జిగురును కదలించి క్రిములను ఊడ్చివేయుట. పుట్టినింట వాకిలి ఊడ్చిన చీపురు మెట్టినింట పడవకు తెడ్డయినది! ఆ కణముల జన్యువులలో ఎవ్వరును ఏమియు మార్చలేదు. మాఱినది ఇల్లే. చుట్టునున్న కణములు 'నీవు చర్మమై కదలక యుండుము' అని చెప్పుట మానినంతనే, అవి తమకుదామే మఱియొక కాపురము కల్పించుకొన్నవి.

అదే సంవత్సరము చివర మఱియొక ప్రకటన వచ్చినది. పాత్రలో విడికణములను చల్లినచో, ఈ ఈదు ముద్దలు వానిని చిమ్ముచు కుప్పలు వేసినవి. ఏబది కణములకు పైబడిన కుప్పలు తామును ఉండలై ఈదినవి. పత్రికలవారు 'రోబోటులు పిల్లలను కనుచున్నవి' అని గగ్గోలు పెట్టిరి. ఆ భయమునకు తావు లేదు. విడికణములను తెచ్చి పోయువాడు లేనిచో కుప్పయు లేదు, పిల్లయు లేదు. పోసినను కొన్ని తరములకే వంశము నిలిచిపోవును.

వేలకొలది కణములు ఒక్క మాటమీద ఎట్లు నడచును? అందఱు కలిసి ఇల్లు కట్టుచున్నప్పుడు ఎవరికి ఎవరు మేస్త్రి? ఈ ప్రశ్న జెనోబోటుతో పుట్టినది కాదు. 1888లో విల్హెల్మ్ రూ అను జర్మనీ శాస్త్రజ్ఞుడు, రెండు కణములైన కప్పపిండమును తీసికొని, ఒకదానిని కాల్చిన సూదితో పొడిచి చంపెను. మిగిలినది సగము పిండముగ పెరిగినది. కావున ప్రతి కణమునకు తన వంతు ముందే వ్రాయబడియున్నదని ఆయన తలచెను. 1891లో హాన్స్ డ్రీష్ అను మఱియొక జర్మనీయుడు, సముద్రములో నుండు ముళ్ళబంతివంటి ప్రాణి పిండమును రెండు కణముల దశలో సీసాలోబెట్టి కుదిపి విడదీసెను. సగము సగము ప్రాణి వచ్చునని చూచుచుండగా, చిన్నదైనను నిండు ప్రాణి చొప్పున రెండు వచ్చినవి! ఇద్దఱిలో నెవరిది సత్యము? ఇద్దఱును చూచినది చూచినట్లే చెప్పిరి. రూ చంపిన కణము చచ్చియు ప్రక్కనే అంటుకొనియుండెను. బ్రతికినదానికి తోడు లేకపోయిన సంగతి తెలియలేదు. 1910లో మెక్లెండన్ అనువాడు కప్పపిండమునుండి ఒక కణమును పూర్తిగ తొలగింపగా, మిగిలినది నిండు పిండమే యైనది. ప్రక్కవారు ఉన్నారా లేరా యని విచారించుకొని కణము తన పని నిర్ణయించుకొనునని అప్పటికి తేలినది.

ఈ కథ విన్నవారెల్లరును గాంధారిని తలచుకొందురు. మాంసపుముద్ద నూటయొక్క తునుకలై, నేతికుండలలో పెరిగి నూర్గురు కొడుకులును ఒక కూతురును అయిన కథ మనకు ఉగ్గుపాలతో వచ్చినదే. అయితే మన పెద్దలకు ఇదంతయు ముందే తెలియునని చెప్పుట మా యుద్దేశము కాదు. కథ కథగనే గొప్పది. డ్రీష్ సీసా కుదిపిన శ్రమ డ్రీష్‌దే.

ఇంకొక ముచ్చట వంటయింటికి దగ్గఱది. 1907లో అమెరికాలో విల్సన్ అనువాడు సముద్రపు స్పాంజిని సన్నని పట్టుగుడ్డలో మూటగట్టి, మనము చింతపండు పులుసు పిండినట్లు నీటిలో పిండెను. గుడ్డనుండి దిగినవి విడివిడి కణములు. అవి ఆ నీటిలో ప్రాకి, ఒకదానినొకటి వెదకి పట్టుకొని, ముద్దలై, మరల స్పాంజి యైనవి. నూటపదమూడేండ్ల తఱువాత పుట్టిన జెనోబోటునకు ఇది ముత్తవ్వ వంటిది.

ఇచ్చట ఒక స్త్రీని తలచుకొనక ముందుకు పోలేము. ఆమె పేరు హిల్డె మాంగోల్డ్. 1898లో జర్మనీలో పుట్టినది. ఫ్రైబుర్గులో హాన్స్ స్పేమన్ అను ఆచార్యుని శిష్యురాలు. స్పేమన్ పసిబిడ్డ వెండ్రుకను ఉచ్చుగ వేసి పిండమును నొక్కి రెండు భాగములు చేసిన నేర్పరి. ఆయన చెప్పిన పనిని హిల్డె చేతబట్టినది. న్యూటు అని బల్లివంటి నీటిప్రాణి యొకటి కలదు. తెల్లని జాతి న్యూటు పిండమునుండి ఒక చిన్న తునుక తీసి, రంగు జాతి పిండమునకు కడుపువైపున అతికినది. ఆ దినములలో క్రిములను చంపు మందులు లేవు. అతికిన వందలాది పిండములలో నిలిచినవి వ్రేళ్ళమీద లెక్కింపదగినవి. నిలిచినవానిలో కడుపువైపున రెండవ వెన్ను, రెండవ నాడీదండము ఏర్పడినవి. అవిభక్త కవలలవలె రెండు ప్రాణులు కడుపులంటుకొని పెరిగినవి. రంగులు చూడగా, రెండవ శరీరములో అతికిన తెల్లకణములు కొన్నియే, తక్కినవన్నియు ఇంటివారివే! క్రొత్తగ వచ్చిన తునుక ఇరుగుపొరుగు కణములను పిలిచి, 'మీరు కడుపు చర్మము కానక్కఱలేదు, వెన్నెముక కండు' అని చెప్పగా అవి వినినవి.

ఆ వ్యాసము 1924లో వెలువడినది. ఆ సంవత్సరమే సెప్టెంబరులో, వంటింటిలో పొయ్యి ప్రేలి ఒడలు కాలి హిల్డె చనిపోయినది. ఇరువదియాఱు నిండలేదు, ఒడిలో పసిబిడ్డ. 1935లో ఈ విషయమునకే స్పేమన్‌కు నోబెల్ బహుమానము వచ్చినది. చనిపోయినవారికి ఆ బహుమాన మీయరు. ఆ వ్యాసముపై మొదటి పేరు స్పేమన్‌ది, రెండవది హిల్డెది. పిండముల కాపురమును ప్రపంచమునకు జూపిన చేయి వంటయింటి మంటలో కాలిపోయిన సంగతి చదివిన దినమున మాకు అన్నము సయింపలేదు.

కణములు ఒకదానితో ఒకటి ఏ భాషలో మాట్లాడుకొనును? కొన్ని రసాయనములతో, కొన్ని ఒకదానినొకటి లాగుకొనుటతో, కొన్ని విద్యుత్తుతో. విద్యుత్తనగా మన యింటి దీపమును వెలిగించునంతటిది కాదు, కణపు గోడకు ఇటునటు నుండు అతి స్వల్పమైన భేదము. 2011లో టఫ్ట్స్‌లో డేనీ ఆడమ్స్ అను శాస్త్రజ్ఞురాలు, ఈ విద్యుత్తును చూపు రంగునీటిలో కప్పపిండము నుంచి రాత్రియెల్ల చిత్రములు తీయించినది. పిండమునకు ముఖమింకను లేదు. కాని కన్నులు రావలసినచోట, నోరు రావలసినచోట వెలుగునీడలు మెఱసి మాసినవి. ముఖము తరువాత వచ్చినది. ముగ్గు వేయుటకు ముందు చుక్కలు పెట్టినట్లు! 2012లో అదే ప్రయోగశాలవారు తోకకప్పల ముఖములందలి అవయవములు తమ తావులు తప్పి పెరుగునట్లు చేసిరి. ఒకదానికి కన్ను ప్రక్కకు, ఒకదానికి దవడ వంకరకు. అవి కప్పలగునాటికి చాలవఱకు అవయవములన్నియు కదలి తమ తావులు చేరుకొన్నవి. ఏ దారిని పోవలెనో ముందే వ్రాసియున్నచో, తప్పుచోట మొదలిడిన కన్ను తప్పుచోటికే చేరవలసినది.

ఇంతకు మించినది 2024 జనవరిలో వచ్చినది. సహాయము ఒక పిండము లోపలనే ఆగదట. పెరుగుదలను చెఱచు మందు కలిపిన నీటిలో కప్పపిండములను ఒంటిగ నుంచినప్పటికంటె, నూఱు, మున్నూఱు గుంపుగ నుంచినప్పుడు అంగవైకల్యములు తక్కువయ్యెను. ఒక పిండమును గాయపఱచినచో కాల్షియము అల యొకటి ప్రక్కపిండములకు వ్యాపించుట లెవిన్ బృందమువారు కన్నులార చూచిరి. ఒకే నీటిలో నున్న బిడ్డలు ఒకరి యాపదను ఒకరు వినుచున్నారన్నమాట.

ఇక మా యింటి సంగతి. 2020 మే మాసము. కరోనా వలన రాకపోకలు నిలిచిన దినములు. మా చెల్లెలి కోడలు ఆడుబిడ్డను కన్నది. బిడ్డకు పైపెదవి చీలి, ఆ చీలిక అంగిటి వఱకు పోయినది. దీనిని మన తెలుగులో ఏమందుమో మీ రెఱుగుదురు: గ్రహణపు మొఱ్ఱి. ఆ పేరులోనే తీర్పు కలదు. 2019 డిసెంబరు 26వ తేదీ ఉదయమున సూర్యగ్రహణము పట్టినది గదా, ఆ వేళ కోడలు కత్తిపీట ముందు కూర్చుండి వంకాయలు తఱిగినదని మా చెల్లెలు జ్ఞాపకము తెచ్చుకొన్నది. 'నేను వలదని నోరు నొప్పిపుట్టునట్లు చెప్పితిని అక్కా! వినినదా? ఇదిగో, ఫలము పసిదాని ముఖముపై వ్రాసిపెట్టుకొన్నది' అని బాలింత వినుచుండగనే యనెను. ఆ పిల్ల గోడవైపు తిరిగి పండుకొన్నది. మాటలు దానికి పాతివ్రత్యపరీక్ష వంటివైనవి. తాను తన బిడ్డ పెదవిని కోసితినని ఆమె నిజముగ నమ్మినది.

మేము పంచాంగము తెప్పించి, చెల్లెలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని లెక్క చెప్పితిమి. బిడ్డ ముఖము ఒక్క ముక్కగ రాదు. తల వెనుకవైపునుండి కణములు గుంపులుగుంపులుగ బయలుదేఱి, రెండు ప్రక్కలనుండి ముందుకు వచ్చి, నడుమ కలిసికొనవలెను. సంక్రాంతినాడు పెద్ద ముగ్గును ఇద్దఱు ఆడువారు చెఱియొక వైపునుండి వేసికొనుచు వచ్చి నడుమ గీతలు కలుపుదురు గదా, అట్లు. పెదవి కలియుట గర్భము నిలిచిన నాలుగవ వారమునుండి ఏడవ వారములోపల ముగియును. అంగిలి మఱి కొన్ని వారములకు. బిడ్డ పుట్టినది మే మొదటి వారమున, నెలలు నిండి. కావున గర్భము నిలిచినది ఆగష్టు నడుమ. పెదవి కలియుటయో, కలియకపోవుటయో అక్టోబరు మొదటికే తీఱిపోయినది. అంగిలి గతియు నవంబరు దాటకయే తేలినది. గ్రహణము పట్టినది డిసెంబరు చివర. ఆ నాటికి బిడ్డ ముఖము ఎట్లుండవలెనో అట్లయి రెండు నెలలకు పైబడినది. జరిగిపోయిన పనిని వంకాయ యెట్లు చెఱచును?

మా చెల్లెలు చాలసేపు మాటాడలేదు. 'అయితే ఎందుకు వచ్చినదక్కా?' యని యడిగెను. న్యాయమైన ప్రశ్న. ప్రపంచమున దాదాపు ఏడు వందల జననములకు ఒకటి చొప్పున ఇట్టి బిడ్డ పుట్టుచునే యున్నది. కొంత వంశమునుండి వచ్చు జన్యువులు, కొంత పొగాకు, మూర్ఛకిచ్చు కొన్ని మందులు, తల్లికి ముందే యున్న మధుమేహము వంటివి. పెక్కుచోట్ల ఇదియే కారణమని వ్రేలు చూపుటకు వీలులేదు. వేలకొలది కణములు వేళకు నడచి వచ్చి కలిసికొనవలసిన పనిలో ఒక్క గుంపు కొంచెము ఆలస్యమైన చాలును. ఇన్ని ముఖములు చక్కగ కలియుచుండుటయే మాకు విస్మయము. 'అయితే దేవుడట్లు వ్రాసినాడు' అని మా చెల్లెలు లేచిపోయెను. అంతవఱకు వచ్చినందుకే మేము సంతసించితిమి. దేవునిపై వేసిన నింద ఆయన మోయగలడు, ఇరువదిరెండేండ్ల బాలింత మోయలేదు.

తల్లి చేతిలో నిజముగ నున్న పని యొకటి కలదు. అది గ్రహణమునకు సంబంధించినది కాదు. పిండమున వెన్నుపాము, మెదడు ఏర్పడుటకు ఒక రేకు రెండంచులును పైకి లేచి కలిసి గొట్టమగును. ఇది ఇరువదియెనిమిదవ దినమునకే ముగియును. పెక్కుమంది స్త్రీలకు నెల తప్పినదని అప్పుడప్పుడే తోచును. ఈ కలయికకు ఫోలిక్ ఆమ్లము సాయపడును. 1991లో ప్రకటింపబడిన పరిశోధనలో, ఏడు దేశములందు 33 కేంద్రములలో 1,817 మంది స్త్రీలను చూచిరి. వెన్ను మూయని బిడ్డను అంతకుముందు కన్న తల్లులలో, ఈ మందు పుచ్చుకొన్నవారికి అది మరల వచ్చుట 72 శాతము తగ్గినది. ఈ ఆమ్లమునకు దారి చూపినది లూసీ విల్స్ అను వైద్యురాలు, బొంబాయిలో రక్తహీనతతో నున్న గర్భవతులను చూచుచు 1931లో వ్రాసిన వ్యాసము. దానిని విడదీసినది 1941లో, పాలకూరనుండి. గర్భము కోరు స్త్రీ ఒక నెల ముందునుండియే దినమునకు 400 మైక్రోగ్రాముల మాత్ర పుచ్చుకొనవలెనని వైద్యులు చెప్పుచున్నారు. పెండ్లియైన పిల్లకు సారెతోబాటు ఈ మాట కూడ చెప్పి పంపినచో బాగుండునని మా కోరిక.

బిడ్డ చీలిన పెదవితో రొమ్ము పట్టలేకపోయినది. మా చెల్లెలు అటకమీదనుండి తన అత్తగారి నాటి వెండి ఉగ్గుగిన్నె దించి, తోమి, నీళ్ళలో మరగించి, తల్లిపాలు పిండి తెప్పించి, బిడ్డ తల కొంచెమెత్తిపట్టి చుక్క చుక్కగ త్రాగించినది. రాత్రులు తానే మేలుకొన్నది. పెదవికి మూడు మాసములనుండి ఆఱు మాసములలోపల శస్త్రము చేయుట వాడుక. కరోనా వలన జాగై నవంబరులో జరిగినది. అంగిటికి మఱుసటి యేడు చేసిరి. సన్నని గీత దక్క ఇప్పుడేమియు కనబడదు.

అంగిలి కుట్టిన పిల్లలకు పెదవులు మూసి పలుకు అక్షరములు కొంతకాలము ముక్కుతో వచ్చును. వానిని అభ్యాసముచేత చక్కదిద్దవలెను. నేర్పు అమ్మాయి వారమున కొకనాడు వచ్చును. తక్కిన ఆఱు దినములు మా చెల్లెలు మనుమరాలిని ఎదుట కూర్చుండబెట్టుకొని, 'పప్పు, బువ్వ, బాబాయి, పాప' అని పలికించుచున్నది.